కథ అయ్యాక ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. బడి పుస్తక బృందంలో ఏమి అడగాలి, ఏమి అడగకూడదు?

శనివారం టీచరు (ఆదివారం, ఉదయం 7.10)

అందరికీ నమస్కారం. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. జూలై నుంచి శనివారం ఆఖరి రెండు పీరియడ్లు తొమ్మిదో తరగతి పిల్లలతో పుస్తక బృందం నడుపుతున్నాను. ఇరవై ముగ్గురు వస్తారు. వేపచెట్టు కింద ఈత చాపలు పరుచుకుంటాము. ముగ్గురికి ఒక జిరాక్సు కాపీ. ఒకరు పైకి చదువుతారు, మిగతావారు వింటారు, తరువాత మాట్లాడుకుంటాము. మార్కులు లేవు, ప్రశ్నపత్రం లేదు. పిల్లలు ఎదుటివాళ్ళ మనసు తెలుసుకోవాలన్నదే నా ఆశ. ఈ వయసులో ఒకరినొకరు ఎంత మాట పడితే అంత అనేస్తారు. కథలు వాళ్ళను కొంచెం మెత్తబరుస్తాయని నమ్మాను.

పోయిన శనివారం కంటే ముందు వారం చాసో గారి "ఎందుకు పారేస్తాను నాన్నా" చదివాము. ఇంట్లో డబ్బు లేక చదువు ఆగిపోయిన కుర్రవాడిని తండ్రి చుట్టలు కొనుక్కు రమ్మని పంపుతాడు. బడి ముందు నుంచి నడిచి వెళ్ళాలంటే వాడికి సిగ్గు. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే అడిగాను: "మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?"

మా తరగతిలో ఒక అబ్బాయి నిరుడు సంక్రాంతి తరువాత అమ్మానాన్నలతో పాటు చెన్నై వైపు భవన నిర్మాణం పనికి వెళ్ళాడు. మళ్ళీ జూన్‌లో వచ్చాడు. నేను అడగగానే ఇద్దరు పిల్లలు వాడి వైపు చెయ్యి చూపించి "వీడికి జరిగింది టీచర్" అన్నారు. వెక్కిరింపుగా కాదు, నాకు సాయం చేస్తున్నట్టు అన్నారు. అందరూ వాడి వైపు తిరిగారు. వాడు తల దించుకుని చాప అంచులోంచి ఒక ఆకు లాగి తుంచడం మొదలుపెట్టాడు. నేను కంగారుగా వేరే మాటలోకి వెళ్ళిపోయాను. బెల్లు కొట్టాక చాప మడుస్తుంటే వాడు కూర్చున్న చోట పది పన్నెండు ఆకు ముక్కలు ఉన్నాయి. ఒక్కొక్కటి గోరంత.

నిన్నటి శనివారం వాడు రాలేదు. బడికి వచ్చాడు, బృందానికి రాలేదు. మంచినీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నేను ఏమి చెయ్యాలి? వాడితో మాట్లాడాలా? ఇలాంటి కథలు మానెయ్యాలా?

గోదారి గట్టు (ఆదివారం, ఉదయం 8.25)

అమ్మా, ముందుగా మీకు అభినందనలు. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో ఉండి, ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. తాను అడిగిన ప్రశ్న వల్ల ఒక పిల్లవాడు నొచ్చుకున్నాడని గమనించే టీచర్లను చాలా తక్కువ మందిని చూశాను. ఆ ఆకు ముక్కలు చూశారంటేనే సగం పని అయింది.

కథలో తప్పు లేదు, దాన్ని మానెయ్యకండి. చాగంటి సోమయాజులు గారు విజయనగరం మనిషి. మీ పిల్లల ఊళ్ళ గాలి ఆ కథలో ఉంటుంది. తప్పు కథ తరువాత వేసిన ప్రశ్నలో జరిగింది. వాడిని ఒకసారి విడిగా పిలిచి మాట్లాడండి.

వెనక బెంచీ (ఆదివారం, ఉదయం 11.40)

నేను ఇక్కడ చదవడమే గాని రాయడం తక్కువ. ఈ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

టీచరు గారూ, ఆ పిల్లవాడు నేనే అనుకోండి. ఏడో తరగతి. నాన్న అంతకు ముందు ఏడాది చనిపోయారు. అమ్మ ఇళ్ళలో పని చేసేది. సోషల్ మాస్టారు పేదరికం గురించి పాఠం చెబుతూ "ఉదాహరణకు" అని ఆగి నా వైపు చూశారు. పేరు అనలేదు, చూశారంతే. నేను ఆఖరి బెంచీలో కూర్చునేవాడిని కాబట్టి తరగతిలో ఉన్న తలలన్నీ వెనక్కి తిరిగాయి. మెడలు తిరిగిన ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చొక్కాల కాలర్లు రాసుకున్న చప్పుడు. ఆయన చెడ్డవారు కాదు, తరువాత నాకు నోటు పుస్తకాలు కూడా కొనిచ్చారు. కానీ ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా ఆయన క్లాసులో నేను చెయ్యి ఎత్తలేదు, సమాధానం తెలిసినా ఎత్తలేదు.

ఒక్క మాట చెబుతాను. వాడిని స్టాఫ్ రూముకి పిలవకండి. పిలవడమే మళ్ళీ చూపించడం. "టీచర్ నిన్ను ఎందుకు పిలిచింది?" అని పదిమంది అడుగుతారు, వాడు ఒక అబద్ధం వెతుక్కోవాలి. గోదారి గట్టు మాస్టారు గారూ, మీ మాటను కాదంటున్నందుకు మన్నించండి. విడిగా మాట్లాడితే పిల్లవాడికి తేలిక అవుతుందని పెద్దలు అనుకుంటారు. తేలిక అయ్యేది పెద్దలకు.

గోదారి గట్టు (ఆదివారం, మధ్యాహ్నం 12.05)

మన్నించడానికి ఏమీ లేదు బాబూ. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఎంతమందిని అలా పిలిచానో ఇప్పుడు లెక్క వేసుకుంటున్నాను. నీ మాటే సరైనది. టీచరు గారూ, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

పదకోశం (ఆదివారం, మధ్యాహ్నం 2.30)

ఈ సందర్భంలో మాటల గురించి కొంచెం ఆలోచించాలి. మనం సానుభూతి అనే మాటను ఎక్కువగా వాడతాము. సంతాప సభలో సానుభూతి, ఎన్నికల్లో సానుభూతి ఓట్లు. ఈ మాట వాడగా వాడగా గట్టు మీద నిలబడి చూసేవాడి మాట అయిపోయింది. మునుగుతున్నవాడిని చూసి "అయ్యో" అనడం అన్నమాట. సహానుభూతి అన్నప్పుడు గట్టు దిగి నీళ్ళలోకి వెళ్ళాలి. మూలంలో రెండు మాటలకూ అర్థం దగ్గరదగ్గరే, వాడుకే వాటిని విడదీసింది. ఇంగ్లీషులో ఎంపతీ అనే మాటకు కూడా వయసు ఎక్కువ లేదు. 1909లో టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక జర్మన్ మాటకు సమానంగా దాన్ని తయారు చేశాడు. ఆ జర్మన్ మాటకు "లోపలికి వెళ్ళి అనుభవించడం" అని అర్థం. మొదట్లో దాన్ని మనుషుల గురించి కంటే బొమ్మలు, శిల్పాలు చూసేటప్పుడు కలిగే అనుభవం గురించి ఎక్కువగా వాడేవారు.

టీచరు గారి తరగతిలో జరిగింది చూడండి. ఆ ఇద్దరు పిల్లలు చెయ్యి చూపించినప్పుడు మిగతా ఇరవై మందికి కలిగింది సానుభూతి. అది వాడి మీద పడింది, బరువుగా.

సూటిగా (ఆదివారం, సాయంత్రం 5.15)

నాకు అసలు ఈ ఆలోచనే నచ్చదు. కథను మందు బిళ్ళలా ఎందుకు వాడతారు? ఇది చదివితే జాలి వస్తుంది, అది చదివితే దేశభక్తి వస్తుంది. చాసో ఆ కథ మా పిల్లల గుణాలు బాగుచెయ్యడానికి రాయలేదు. చిన్నప్పుడు పెద్దబాలశిక్ష నీతులు వల్లె వేయించారు, ఇప్పుడు అదే పని కథలతో. పిల్లలను చదవనివ్వండి. నవ్వితే నవ్వుతారు, ఏడిస్తే ఏడుస్తారు. కథ అయిపోగానే "మీకేమి అనిపించింది?" అని గొంతు మీద కూర్చోకండి. నాకు చదువు మీద ప్రేమ పుట్టింది ఎవరూ ఏమీ అడగని ఎండాకాలం సెలవుల్లో, మా ఊరి శాఖా గ్రంథాలయంలో.

మనసు పరిశోధన (ఆదివారం, రాత్రి 9.50)

మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. సూటిగా గారి మాటకు మా రంగంలో ఒక పెద్ద కథ ఉంది.

2013లో "సైన్స్" పత్రికలో డేవిడ్ కిడ్, ఎమాన్యుయెలే కస్టానో అనే ఇద్దరు న్యూయార్క్ పరిశోధకుల వ్యాసం వచ్చింది. కొన్ని నిమిషాలు సాహిత్య విలువ ఉన్న కథ చదివినవాళ్ళు, ఏమీ చదవనివాళ్ళ కంటే, కాలక్షేపం కథలు చదివినవాళ్ళ కంటే ఎదుటివారి మనసును బాగా పసిగట్టారని అందులో తేల్చారు. వాళ్ళు వాడిన పరీక్షల్లో ఒకటి ఇలా ఉంటుంది. ముఖంలో కళ్ళ భాగం మాత్రమే కనిపించే 36 ఫోటోలు చూపిస్తారు. ఒక్కొక్కదాని చుట్టూ నాలుగు మాటలు ఉంటాయి. ఆ కళ్ళలో ఉన్నది భయమా, అసూయా, ఆలోచనా, విసుగా చెప్పాలి. వ్యాసం రాగానే ప్రపంచమంతా పండగ చేసుకుంది. నేను కూడా చేసుకున్నాను, ఎందుకంటే నేను ఈ చదువులోకి వచ్చింది కథల మీద ప్రేమతోనే.

తరువాత అదే ప్రయోగాన్ని 2016లో వేరే పరిశోధకులు ఎక్కువ మందితో చేస్తే ఆ ఫలితం రాలేదు. 2018లో "నేచర్", "సైన్స్" పత్రికల్లో 2010 నుంచి 2015 దాకా వచ్చిన 21 ప్రయోగాలను ఒక పెద్ద బృందం మళ్ళీ చేసి చూసింది. 13 నిలబడ్డాయి. నిలబడనివాటిలో ఈ కథల ప్రయోగం ఒకటి.

అంటే చదువు వల్ల ఉపయోగం లేదని కాదు. ఏళ్ళ తరబడి కథలు చదివేవాళ్ళకు ఎదుటివారి మనసు కొంచెం ఎక్కువ పట్టుబడుతుందని చూపించే పరిశోధనలు ఉన్నాయి. చదవడం వల్ల అలా అయ్యారా, అలాంటివాళ్ళు కాబట్టే చదువుతున్నారా అన్నది విడదీయడం కష్టం. ఒక శనివారం ఒక కథ మింగించి సాయంత్రానికి ఫలితం చూడలేము. టీచరు గారూ, మీరు మార్కులు పెట్టకపోవడం ఎంత మంచిదో, ఆ రోజే మార్పు చూడాలనుకోకపోవడం అంత మంచిది.

శనివారం టీచరు (సోమవారం, రాత్రి 8.00)

అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. వెనక బెంచీ గారూ, మీ కాలర్ల చప్పుడు ఈ రోజు నా తరగతిలో వినిపించింది. మీరు రాయకపోతే నేను ఈ ఉదయమే వాడిని పిలిచి ఉండేదాన్ని.

సూటిగా గారూ, మీరన్నది నన్ను పొడిచింది. కానీ మా పిల్లల్లో చాలామందికి మీకు దొరికిన ఎండాకాలం సెలవులు దొరకవు. మా ఊళ్ళో గ్రంథాలయం లేదు. ఆ శనివారం గంటన్నర పోతే వాళ్ళ చేతికి కథ వచ్చే చోటు ఇంకొకటి లేదు. ఊరికే చదివి ఊరుకోవడం బాగానే ఉంటుంది, కానీ చదివాక వాళ్ళు తమంతట తామే మాట్లాడతారు. ఆపితే ఆగరు. ఆ మాట ఎటు పోవాలన్నదే నా బెంగ.

బాల్కనీ గ్రంథాలయం (సోమవారం, రాత్రి 10.20)

టీచరు గారూ, మాది తిరగబడ్డ సమస్య. బెంగళూరులో మా అపార్ట్‌మెంటులో తెలుగు పిల్లలకు ఆదివారం పుస్తక బృందం నడుపుతాను. పదకొండు మంది. లేమి అంటే వీళ్ళకు ఇంటర్నెట్ ఆగిపోవడం. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు నలుగురే, మిగతావాళ్ళకు నేనే చదివి వినిపిస్తాను. బీదవాళ్ళ కథ ఏది చదివినా "పూర్ పీపుల్, సో శాడ్" అంటారు. అదొక పాఠం వాళ్ళకు, అప్పజెప్పేస్తారు. విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. వాళ్ళు చెడ్డపిల్లలు కారు, ఆ మాటను మించి ముందుకు వెళ్ళే దారి ఎవరూ చూపించలేదు.

ఒకసారి పి. సత్యవతి గారి "ఇల్లలకగానే" చదివాను. ఇల్లు అలికి అలికి, ముగ్గులు పెట్టి పెట్టి ఒకావిడ తన పేరు మరిచిపోతుంది. ఎవరిని అడిగినా పేరు చెప్పరు. అమ్మా అంటారు, మేడమ్ అంటారు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పేరు పెట్టి పిలిచేదాకా ఆవిడకు తన పేరు గుర్తు రాదు. పిల్లలు బాగా నవ్వారు. పేరు ఎవరైనా మరిచిపోతారా అని.

నేను ఎవరినీ ఏమి అనిపించిందని అడగలేదు. కాగితాలు ఇచ్చి రెండు నిమిషాల్లో మన మెట్లు తుడిచే ఆంటీ పేరు రాయండి అన్నాను. పదకొండు కాగితాల్లో తొమ్మిది ఖాళీగా వచ్చాయి. ఒక పాప "బ్లూ శారీ ఆంటీ" అని రాసి కొట్టేసింది. ఒక బాబు మాత్రం సరిగ్గా రాశాడు. వాళ్ళ అమ్మమ్మ ఆవిడతో రోజూ మాట్లాడుతుందట.

నవ్వు ఆగిపోయింది. నేను ఏమీ చెప్పలేదు, కాగితాలు తీసుకుని లోపల పెట్టేశాను. మరుసటి వారానికి ఎవరూ చెప్పకుండానే ఆరుగురు పేరు తెలుసుకుని వచ్చారు. ఆ తొమ్మిదిమందిలో నా కూతురు కూడా ఉంది. ఆ సంగతి రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ రాయాలి.

పల్నాటి దారి (మంగళవారం, ఉదయం 6.30)

బాల్కనీ గ్రంథాలయం గారి పోస్టులో నాకు కనిపించింది ఏమిటంటే, ఆవిడ పేదవాళ్ళ గురించి అడగలేదు. చూడనివాళ్ళ గురించి అడిగారు. టీచరు గారి సమస్యకు జవాబు ఇందులో ఉంది.

నా అనుభవం చెబుతాను. ఇంటర్లో మా లెక్చరర్ జాషువా గారి "గబ్బిలం" చెప్పారు. 1941లో వచ్చిన కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి కాశీలో ఉన్న శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలానికి గుడిలోకి అడ్డు లేదు, మనిషికి ఉంది. మా లెక్చరర్ గొంతు గద్గదం చేసుకుని "పాపం, వాళ్ళు ఎంత బాధ పడ్డారో" అని చెప్పారు. ఆ "వాళ్ళు" అన్న మాటలో మేము నలుగురం మిగతా క్లాసు నుంచి విడిపోయాము. నిజాయితీగానే కన్నీళ్ళు పెట్టుకున్నారాయన. కానీ జాషువా జాలి అడగడం లేదు. నిలదీస్తున్నాడు. ఆ పద్యాల్లో ఎంత పొగరు, ఎంత వెటకారం ఉంటాయో మా నాన్న ఇంట్లో పాడగా విన్నవాడిని కాబట్టి నాకు తెలుసు. జాషువా వినుకొండ మనిషి, మా ఊళ్ళలో ఆ పద్యాలు పుస్తకంలోంచి కాదు, నోటి నుంచి నోటికి వచ్చాయి.

ఆ లెక్చరర్ ఒక్క ప్రశ్న వేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. "ఆ గుడి తలుపు దగ్గర నిలబడి ఆపినవాడు ఇంటికి వెళ్ళి ఆ రాత్రి ఏమి అనుకున్నాడు?" ఆ ప్రశ్నకు మేము నలుగురం జవాబు చెప్పనక్కర్లేదు. మిగతా యాభై మంది ఆలోచించాలి.

టీచరు గారూ, బాధ పడ్డవాడి చోటులో పిల్లలను నిలబెట్టకండి. అక్కడ ఇప్పటికే మీ తరగతిలో ఒకడు నిలబడి ఉన్నాడు. పక్కన ఉన్నవాళ్ళ చోటులో నిలబెట్టండి. చాసో కథలో బడికి వెళ్ళే స్నేహితులు ఉన్నారు, చుట్టలు తెమ్మన్న తండ్రి ఉన్నాడు. వాళ్ళ గురించి అడగండి.

మనసు పరిశోధన (మంగళవారం, ఉదయం 9.15)

పల్నాటి దారి గారూ, మీ పోస్టును మా గైడ్ గారికి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

గోదారి గట్టు (మంగళవారం, ఉదయం 10.00)

దీనికి ఒక కథ గుర్తొచ్చింది. గురజాడ వారి "దిద్దుబాటు", 1910. మేష్టర్లందరం చెప్పిన కథే. సానివాళ్ళ మేజువాణి చూసి రాత్రి ఆలస్యంగా ఇంటికి వచ్చిన గోపాలరావు, పుట్టింటికి వెళ్ళిపోయానని భార్య కమలిని రాసిన ఉత్తరం చూసి బెంబేలెత్తుతాడు. ఆమె నిజానికి మంచం కిందే దాక్కుని ఉంటుంది. భర్తను దిద్దిన భార్య కథ అని నేను పాతికేళ్ళు చెప్పాను. ఒక్కసారి కూడా నౌకరు రాముడి గురించి అడగలేదు. గోపాలరావు కోపం పట్టలేక అతని వీపు మీద గుద్దుతాడు కదా. వెంటనే నొచ్చుకుని వీపు నిమురుతాడు గాని, కథ నవ్వుతో ముగిసేసరికి రాముడి వీపు సంగతి ఎవరికీ పట్టదు. పట్టకపోవడం గురజాడ వారి లోపమని నేను అనుకోను. ఆయన ఆ గుద్దులు రాసి పెట్టారు, చూడనిది మనం.

మీ పిల్లలకు ఇది ఇచ్చి చూడండి అమ్మా. కాపీ దొరకకపోతే శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు గారు) 1997లో ప్రారంభించిన కథల గ్రంథాలయం, కథానిలయం వారు పాత పత్రికల కథలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, అక్కడ వెతకండి. మీకు దగ్గరే కాబట్టి వీలైతే పిల్లలను ఒకసారి తీసుకువెళ్ళండి. అరల్లో పుస్తకాలు చూస్తే వాళ్ళకు పండగ.

సూటిగా (మంగళవారం, మధ్యాహ్నం 1.40)

నేను నా మాట మీద కొంచెం వెనక్కి తగ్గుతున్నాను. పల్నాటి దారి గారు చెప్పిన ప్రశ్న గుణపాఠం కాదు, అది కథలోకి ఇంకా లోతుగా దిగడమే. మంచి పాఠకుడు ఎవరూ అడగకుండానే తనను తాను అడుగుకునే ప్రశ్న. అలాంటివి అడగండి. "నీకేమి అనిపించింది?" అన్నది మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను.

వెనక బెంచీ (మంగళవారం, రాత్రి 11.30)

నాకు ఒక చిన్న కోరిక ఉంది టీచరు గారూ. మాట్లాడకుండా కూర్చునే హక్కు కూడా బృందంలో ఉండాలి. నేను కొన్నేళ్ళు మాట్లాడకుండా విన్నాను. ఆ విన్నదే నన్ను చదివించింది.

శనివారం టీచరు (రెండు వారాల తరువాత, ఆదివారం, ఉదయం 6.45)

ఆలస్యంగా రాస్తున్నాను, యూనిట్ పరీక్షల దిద్దుబాటు పని పడింది.

మొదటి వారం. వాడిని పిలవలేదు. సాయంత్రం సైకిళ్ళ దగ్గర వాడు గొలుసు ఎక్కించుకుంటుంటే నేను పక్కనుంచి వెళుతున్నట్టు వెళ్ళి ఆగాను. "ఆ రోజు నేను అలా అడగకుండా ఉండాల్సింది" అన్నాను. వాడు తల ఎత్తలేదు. "ఫరవాలేదు టీచర్" అన్నాడు, చేతికి అంటిన గ్రీజు నిక్కరుకు తుడుచుకుంటూ. అంతే. ఆ శనివారం కూడా రాలేదు. ట్యాంకు దగ్గర కాదు గాని, వరండా స్తంభం దగ్గర నిలబడ్డాడు. అక్కడికి కథ వినిపిస్తుంది. నేను చదివేవాళ్ళను కొంచెం గట్టిగా చదవమన్నాను, కారణం చెప్పలేదు.

రెండో వారం, అంటే నిన్న, వచ్చాడు. చాప చివర కూర్చున్నాడు. "దిద్దుబాటు" చదివాము. భాష కొంచెం పాతది కాబట్టి మధ్యలో ఆగి మాటలు చెప్పాల్సి వచ్చింది. మంచం కింద నుంచి నవ్వు వినిపించే చోట పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరికి ఏమి అనిపించిందని అడగలేదు. "ఈ ఇంట్లో ఆ రాత్రి ఎంతమంది ఉన్నారు?" అని మాత్రం అడిగాను. ఇద్దరు అన్నారు కొందరు. ఒక అమ్మాయి లేచి "ముగ్గురు టీచర్, రాముణ్ణి మరిచిపోయారు" అంది. తరువాత నేను ఏమీ చెయ్యనక్కర్లేకపోయింది.

తెల్లవారాక గోపాలరావు రాముడికి ఏమి చెబుతాడని వాదన. కమలిని మంచం కింద నుంచి ఆ దెబ్బల చప్పుడు విన్నదా లేదా అని ఇంకో వాదన. విన్నా కూడా బయటికి రాలేదంటే తప్పు ఆవిడది కూడా అని ఒకడు, వస్తే ఆవిడ ఎత్తు పాడవుతుంది కదా అని ఇంకొకరు. ఇన్నేళ్ళలో ఈ కథ మీద ఈ ప్రశ్న నాకు తట్టలేదు. గోదారి గట్టు మాస్టారు గారూ, మీకు తట్టిందా?

అప్పుడు ఒక అమ్మాయి "అంత కొడితే రాముడు పని మానేసి పోవచ్చు కదా" అంది.

చాప చివర నుంచి జవాబు వచ్చింది. "నెల మధ్యలో పోతే జీతం ఇవ్వరు. పని చేసిన రోజులకు కూడా ఇవ్వరు."

వాడే. తన గురించి చెబుతున్నట్టు చెప్పలేదు, లెక్క తెలిసినవాడిలా చెప్పాడు. ఆ అమ్మాయి "ఎందుకివ్వరు?" అని అడిగింది. వాడు చెప్పాడు. ముందు అడ్వాన్సు తీసుకుంటారని, అది తీరేదాకా పోనివ్వరని, పోతే మేస్త్రీ ఇంటికి వచ్చి అడుగుతాడని. రాముడు కూడా అడ్వాన్సు తీసుకుని ఉంటాడని వాడి అభిప్రాయం. కథలో అలా లేదని ఒకడు పేజీ చూపించాడు. లేదని మాత్రం ఎక్కడ ఉంది అని వీడు. పది నిమిషాలు అలా సాగింది. ఎవరూ వాడి వైపు పాపం అన్నట్టు చూడలేదు. తెలిసినవాడిని చూసినట్టు చూశారు.

పల్నాటి దారి (ఆదివారం, ఉదయం 7.30)

"లేదని మాత్రం ఎక్కడ ఉంది?" ఈ పిల్లవాడికి నా తరఫున ఒక పుస్తకం పంపాలని ఉంది. వద్దులెండి, మళ్ళీ వాడొక్కడికే పంపినట్టు అవుతుంది. ఇరవై ముగ్గురికీ సరిపడా "గబ్బిలం" కాపీలు పంపుతాను, బడి చిరునామా నాకు విడిగా రాయండి. తొమ్మిదో తరగతికి కొంచెం కష్టమే గాని పైకి చదివితే అందుతుంది. పద్యం చెవికి ఎక్కాక అర్థం నెమ్మదిగా వస్తుంది.

గోదారి గట్టు (ఆదివారం, ఉదయం 8.10)

కమలిని సంగతి నాకు తట్టలేదు అమ్మా. ఈ పొద్దున కథ తీసి మళ్ళీ చదివాను. ఆవిడ అదే ఇంట్లో ఉంది. ఆవిడ విని ఉండాలి.

బాల్కనీ గ్రంథాలయం (ఆదివారం, ఉదయం 9.00)

వచ్చే ఆదివారం మా పిల్లలకు ఇదే చదువుతాను. "ఈ ఇంట్లో ఎంతమంది ఉన్నారు?" అన్న ప్రశ్నను మీ దగ్గర అప్పు తీసుకుంటున్నాను. మా పిల్లలు ఇద్దరు అనే అంటారు, నాకు తెలుసు. వాళ్ళను తొందరపెట్టను.

వెనక బెంచీ (ఆదివారం, ఉదయం 10.50)

టీచరు గారూ, చదువుతుంటే నా కళ్ళు తడిశాయి. ఒక్కటి అడగాలని ఉంది. మొదటి రోజు చెయ్యి చూపించిన ఆ ఇద్దరు పిల్లలు ఎలా ఉన్నారు? నన్ను చూసి తిరిగిన మెడల్లో నా ప్రాణ స్నేహితుడి మెడ కూడా ఉంది. మేము ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇరవై ఏళ్ళ తరువాత వాడి పెళ్ళికి వెళ్ళినప్పుడు కూడా మాట్లాడుకోలేదు. వాడికీ ఆ రోజు గుర్తుందని నాకు అనుమానం.

శనివారం టీచరు (ఆదివారం, మధ్యాహ్నం 3.20)

మీరు అడుగుతారని అనుకోలేదు. నేనే రాయాల్సింది. వాళ్ళిద్దరిలో ఒకడు ఆ వారంలోనే నా దగ్గరికి వచ్చి "టీచర్, వాడు నా వల్లే రావడం లేదా?" అని అడిగాడు. నా వల్ల అన్నాను. క్షమాపణ చెప్పనా అన్నాడు. అందరి ముందు వద్దు, నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నాను. ఏమి చేశాడో, ఏమైనా చేశాడో లేదో నాకు తెలియదు.

నిన్న కాపీలు పంచేటప్పుడు మాత్రం ఒకటి చూశాను. ముగ్గురికి ఒకటి కదా. నన్ను అడిగిన ఆ పిల్లవాడు తన గుంపు వదిలి చాప చివర ఆ అబ్బాయి పక్కకు వెళ్ళి కూర్చున్నాడు. వాళ్ళ ముగ్గురిలో మూడో పిల్లవాడు జ్వరంతో రాలేదు. ఇద్దరూ ఒకే కాపీలో చదివారు. వాడు పేజీ తిప్పే ముందు ప్రతిసారీ ఆగి, వీడు తల ఊపాక తిప్పాడు.